ఫెర్రీ ఎక్కాలంటే ఈవీకి ఇన్ని లెక్కలా? షిప్పు టైంటేబుల్ వెనుక అసలు కథ ఇదీ!

ప్రపంచంలో ఎలక్ట్రిక్ కార్లకు రాజధాని ఏదంటే ఎవరైనా నార్వే పేరే చెబుతారు. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం పూర్తిగా బ్యాటరీతో నడిచేవే. అలాంటి దేశంలో 2023 జనవరిలో ఓ షిప్పింగ్ కంపెనీ షాకింగ్ నిర్ణయం తీసుకుంది. ఇకపై తమ షిప్పుల్లోకి ఎలక్ట్రిక్ కార్లు, హైబ్రిడ్లు, హైడ్రోజన్ కార్లు ఎక్కించుకోబోమని చెప్పేసింది. పెట్రోల్, డీజిల్ కార్లకు మాత్రమే ఎంట్రీ!

ఆ కంపెనీ పేరు హావిలా. ఇందులో ఇంకో ట్విస్ట్ కూడా ఉంది. హావిలా షిప్పులు నడిచేదే పెద్ద బ్యాటరీల సాయంతో. ఒక్కో షిప్పులో 6.1 మెగావాట్ అవర్ల బ్యాటరీ ఉంటుంది. అంటే 60 కిలోవాట్ అవర్ల కార్లు ఓ వందింటిలో ఉండే కరెంటు అంతా ఒక్క షిప్పు కడుపులోనే ఉంటుందన్నమాట. అంత బ్యాటరీని మోసే షిప్పు నాలుగు కార్ల బ్యాటరీలకు భయపడటం ఏంటి?

భయం బ్యాటరీ అంటే కాదు. షిప్పులో ఉన్న బ్యాటరీని బిగించింది వాళ్లే. దానికి ప్రత్యేక గది, కూలింగ్, సెన్సర్లు, మంటలార్పే ఏర్పాట్లు అన్నీ ఉంటాయి. ప్రయాణికుడు తెచ్చిన కారు అలా కాదు. నిన్న దానికి యాక్సిడెంట్ అయిందో, కింద రాయి తగిలి బ్యాటరీ సొట్టపోయిందో, వరద నీళ్లలో మునిగి లేచిందో షిప్పు వాళ్లకు తెలీదు. కారులో మంటలొస్తే బయటి సాయం లేకుండా ఆర్పడం కష్టమని, ప్రయాణికుల ప్రాణాలకు రిస్క్ అని లెక్కేసుకుని హావిలా ఆ నిర్ణయం తీసుకుంది.

దీంతో టైంటేబుల్ చూసుకోవాల్సిన పని ప్రయాణికుడి మీద పడింది. ఎలాగంటే.. బెర్గెన్ నుంచి ఉత్తరాన కిర్కెనెస్ వరకు 34 రేవులు తాకుతూ వెళ్లే ఈ తీర మార్గంలో రెండు కంపెనీలు నడుస్తాయి. హుర్టిగ్రూటెన్‌కి 7 షిప్పులు, హావిలాకి 4. మొత్తం 11 షిప్పులు వంతులవారీగా రోజుకొకటి బయల్దేరతాయి. ఆ సమయంలో హుర్టిగ్రూటెన్ ఈవీలను తీసుకెళ్తూనే ఉంది. అంటే ఈవీ ఉన్నవాళ్లకు ప్రతి 11 రోజుల్లో 4 రోజులు బోటు ఉన్నా లేనట్టే. కొండల మధ్య ఊళ్లో ఉండేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

అసలు ఫెర్రీలో కారు ఎలా వెళ్తుంది?

గోదావరి జిల్లాల వాళ్లకు ఇది పెద్దగా చెప్పక్కర్లేదు. నరసాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్లేవాళ్లు బైకులు, కార్లు పంటు మీదే పెట్టుకుని దాటుతారు. విదేశాల్లో కార్ ఫెర్రీ కూడా ఇదే లెక్క, కాకపోతే సైజు వేరు. ముందు తలుపు తెరుచుకుంటుంది, బండ్లు నడుపుకుంటూ లోపలికి వెళ్తాయి, అవతలి ఒడ్డున నడుపుకుంటూనే దిగిపోతాయి. దీన్నే రో-రో అంటారు.

మన పంటు పైన ఆకాశమే కప్పు. పెద్ద ఫెర్రీల్లో చాలావరకు కార్ల డెక్ నాలుగువైపులా మూసేసిన ఇనుప గోదాములా ఉంటుంది. బంపర్‌కి బంపర్ ఆనేంత దగ్గరగా వందల బండ్లు. పైఅంతస్తులో ప్రయాణికులు టీ తాగుతూ కూర్చుంటారు, షిప్పు కదిలాక కింద డెక్‌లోకి వాళ్లను మామూలుగా రానివ్వరు. రోడ్డు మీద కారు అంటుకుంటే జనం దూరంగా జరుగుతారు, ఫైరింజన్ వస్తుంది. నడి సముద్రంలో దూరంగా జరగడానికి చోటుండదు, వచ్చే ఫైరింజనూ ఉండదు. సిబ్బందే ఫైర్ సిబ్బంది.

ఆ రాత్రి ఏం జరిగింది?

ఈ చర్చ మొత్తాన్ని వేడెక్కించిన ఘటన 2023 జులై 25 అర్ధరాత్రి వేళ నెదర్లాండ్స్ తీరంలో జరిగింది. జర్మనీలోని బ్రేమర్‌హాఫెన్ నుంచి ఈజిప్ట్‌లోని పోర్ట్ సయీద్‌కు కొత్త కార్లతో వెళ్తున్న ఫ్రీమాంటిల్ హైవే అనే షిప్పులో మంటలు చెలరేగాయి. ఇది ఫెర్రీ కాదు, కార్లు మాత్రమే మోసే సరకు షిప్పు. 23 మంది సిబ్బందిలో కొందరు అంత ఎత్తున్న డెక్ మీద నుంచి సముద్రంలోకి దూకేశారు. ఒకరు చనిపోయారు. ఆయన భారతీయ నావికుడు.

ఈవీ బ్యాటరీ దగ్గరే మంట మొదలైందన్న అనుమానం తొలిరోజే బయటకు వచ్చింది. ప్రపంచమంతా హెడ్‌లైన్లు అవే. మన దగ్గరా స్క్రోలింగులు అలాగే నడిచాయి. అయితే మొదట షిప్పులో ఉన్న ఈవీలు 25 అన్నారు. రెండు రోజులకు షిప్పును లీజుకు తీసుకున్న కంపెనీ అసలు లెక్క చెప్పింది.. మొత్తం 3,783 వాహనాలు, అందులో 498 ఈవీలు! 25 ఎక్కడ, 498 ఎక్కడ? మంటలార్పడానికి వెళ్లేవాళ్లకు ఆ డెక్‌లో ఏముందో తెలియకపోతే పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తర్వాత షిప్పును ఈమ్స్‌హాఫెన్ రేవుకు లాక్కొచ్చారు. లోపలికెళ్లి చూసిన సాల్వేజ్ కంపెనీ అధిపతి చెప్పిన మాట చాలామందికి చేరనే లేదు. కింది నాలుగు డెక్‌లలో కార్లు బాగానే ఉన్నట్టు కనిపిస్తున్నాయని, దాదాపు 500 ఈవీలు కూడా వాటిలోనే ఉన్నాయని ఆయన చెప్పారు. అంటే మొదటి రోజు హెడ్‌లైన్‌కి, షిప్పు లోపల కనిపించినదానికి పొంతన లేదు.

ఏది ఎక్కువ కాలుతుంది.. పెట్రోల్ కారా, ఈవీనా?

సూటిగా చెప్పాలంటే, ఉన్న బండ్ల సంఖ్యతో పోల్చి చూస్తే ఈవీల్లో అగ్నిప్రమాదాలు తక్కువే. స్వీడన్ ప్రభుత్వ విపత్తుల సంస్థ లెక్కలు ఇదే చెబుతున్నాయి. కాకపోతే ఒకటి గమనించాలి. రోడ్ల మీదున్న ఈవీలు ఎక్కువగా కొత్తవి, పెట్రోల్ కార్లలో పాతవి చాలా. పదిహేనేళ్లు వాడిన ఈవీలు లక్షల్లో తిరిగే రోజు వస్తే ఈ లెక్క ఎలా ఉంటుందో అప్పుడు చూడాలి.

కార్ల డెక్‌లలో మంటలకు ఎప్పటినుంచో పేరుమోసిన కారణం మరొకటి ఉంది. చేపలు, మాంసం, కూరగాయలు మోసే ఫ్రిజ్ లారీలు! వాటి కూలింగ్ యూనిట్ దారంతా ఆన్‌లో ఉండాలి కాబట్టి షిప్పు కరెంటుకు తగిలిస్తారు. వైర్లు పాతబడితే అక్కడే నిప్పు పుడుతుంది. 2022 ఆగస్టులో బాల్టిక్ సముద్రంలో స్టెనా స్కాండికా ఫెర్రీలో మంటలు వచ్చింది ఇలాంటి ఫ్రిజ్ లారీ వల్లే. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ షిప్పు కరెంటు పోయి నడి సముద్రంలో ఆగిపోయింది. ఈవీకి సంబంధమే లేదు.

మరి ఈవీ అంటే ఇంత ఆలోచన ఎందుకు? మంట ఎంత తరచుగా వస్తుందనేది కాదు, వస్తే ఎలా వస్తుందన్నదే తేడా. కాలేటప్పుడు వచ్చే మొత్తం వేడి రెండింటికీ దాదాపు ఒకే స్థాయిలో ఉంటుందని యూరప్‌లో చేసిన పరీక్షల్లో తేలింది. కానీ లిథియం బ్యాటరీలో ఒక సెల్ అదుపు తప్పి వేడెక్కితే పక్క సెల్‌ను, అది ఇంకో సెల్‌ను రాజేస్తుంది. దీన్నే థర్మల్ రన్‌అవే అంటారు. పైన నురుగు చల్లితే లాభం లేదు, బ్యాటరీ ఉండేది కారు అడుగున, గట్టి పెట్టెలో. నీళ్లు కొడుతూనే ఉండాలి, గంటల తరబడి చల్లబరచాలి. ఆరిపోయిందనుకున్నాక మళ్లీ అంటుకోవచ్చు. హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషవాయువులు వస్తాయి. మూసి ఉన్న డెక్‌లో మాస్క్ లేకుండా అడుగుపెట్టలేరు.

లోడింగ్ ప్లాన్‌లోనే అంతా ఉంది

అందుకే ఇప్పుడు చాలా ఫెర్రీ కంపెనీలు 'వద్దు' అనడం మానేసి 'ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని' అన్న లెక్కలోకి వచ్చాయి. యూరోపియన్ సముద్ర భద్రతా సంస్థ, బ్రిటన్ కోస్ట్‌గార్డ్ ఏజెన్సీ రెండూ 2022లో దీనిపై గైడ్‌లైన్స్ ఇచ్చాయి. రెండూ ఈవీలను నిషేధించమని చెప్పలేదు. తెలుసుకుని ఎక్కించమన్నాయి.

తెలుసుకోవడం బుకింగ్‌తోనే మొదలవుతుంది. టికెట్ తీసుకునేటప్పుడే బండి పెట్రోలా, ఈవీనా, హైబ్రిడా అని అడిగితే షిప్పు కదలకముందే డెక్ ఆఫీసర్ చేతిలో లిస్టు ఉంటుంది. ఏ వరుసలో ఏ బండి ఉందో మ్యాప్ ఉంటుంది. ఫ్రీమాంటిల్ హైవేలో 25 కాస్తా 498 అయిన కథ గుర్తుంది కదా.. అదే ఇక్కడ పాఠం.

తర్వాత చోటు. కప్పు లేని డెక్ ఉంటే అక్కడ పెట్టడం మంచిదని కొందరంటారు, పొగ గాలికి పోతుంది. మూసిన డెక్‌లోనే పెట్టాలని మరికొందరు, ఎందుకంటే పైనుంచి నీళ్లు కుమ్మరించే పైపులు ఉండేది అక్కడే. రెండు వాదనల్లోనూ పాయింట్ ఉంది. షిప్పును బట్టి, ఆ రోజు గాలివానను బట్టి నిర్ణయం మారుతుంది. ఏదైనా సరే, పక్కన ఫ్రిజ్ లారీ ఉండకూడదు, కెమెరాకి కనపడాలి, హోస్ పైపు పట్టుకుని మనిషి దాకా వెళ్లగలగాలి. దానికోసం కొంచెం ఖాళీ వదిలితే రెండు మూడు కార్ల చోటు పోతుంది. పండగ సీజన్‌లో ఆ రెండు మూడు టికెట్లు ఎవరివో ఒకరివి క్యాన్సిల్ కావాల్సిందే.

బరువు సంగతీ ఉంది. ఒకే సైజు పెట్రోల్ కారు కంటే ఈవీ సుమారు 200 నుంచి 400 కిలోలు ఎక్కువ తూగుతుంది. ఒక్క కారుకి అది లెక్కలోకి రాదు. వంద కార్లకు మధ్యరకంగా 300 కిలోల చొప్పున వేసుకున్నా 30 టన్నులు! పాత ఫెర్రీల్లో మధ్యలో దింపి ఎత్తే అదనపు డెక్‌లు ఉంటాయి. అవి చిన్న కార్ల కాలంలో చేసినవి. వాటి మీద ఎన్ని ఈవీలు పెట్టొచ్చో మళ్లీ లెక్కేసుకోవాల్సిందే. కుడి ఎడమల బరువు సరిచూసుకోవడం ఎలాగూ తప్పదు.

ఇక ఏ షిప్పు ఏ రూట్‌లో అన్నది. ఓ కంపెనీకి మూడు షిప్పులున్నాయనుకుందాం. ఒకటి పాతది, మూసిన డెక్, కెమెరాలు అంతంతమాత్రం. ఈవీలు ఎక్కువొచ్చే వీకెండ్ టూరిస్టు రూట్‌లో దాన్ని వేస్తే రేవులో గొడవే. దాన్ని సరకు లారీల రూట్‌కి మార్చి, కొత్తదాన్ని ఇటు తేవాలి. కొత్తది రిపేరుకు వెళ్తే టైంటేబుల్ మొత్తం కదిలిపోతుంది. ఇలా బండిని బట్టి ట్రిప్పు మార్చడం కొత్తేం కాదు. కెనడాలో బీసీ ఫెర్రీస్ సంస్థ ప్రమాదకర సరకు మోసే లారీల కోసం కొన్ని రూట్లలో విడిగా ట్రిప్పులు నడుపుతుంది, వాటిలో మామూలు ప్రయాణికుల్ని ఎక్కించదు. ఈవీలను కూడా ఆ కేటగిరీలో పడేస్తే? సగం జనం ఈవీలు వాడే ఊళ్లో అది కుదిరే పనేనా!

గ్రీస్‌లో 40 శాతం రూల్

ఫెర్రీ లేకపోతే బతుకే లేని దేశం గ్రీస్. అక్కడ 2024లో వచ్చిన రూల్ ప్రకారం ఫెర్రీ ఎక్కే ఈవీలో, ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో చార్జింగ్ 40 శాతం దాటకూడదు. ఎందుకంటే బ్యాటరీలో కరెంటు తక్కువుంటే, పొరపాటున వేడెక్కినా మంట తీవ్రత తక్కువగా ఉంటుంది. సైన్స్ ప్రకారం సబబే.

డ్రైవర్ వైపు నుంచి చూడండి. 60 కిలోవాట్ అవర్ల కారులో 40 శాతం అంటే 24. కిలోవాట్ అవర్‌కి 6 కిలోమీటర్లు వేసుకుంటే 144 కిలోమీటర్లు. చిన్న దీవికి అది చాలు. కొండలెక్కే పెద్ద దీవి అయితే దిగగానే చార్జర్ వెతుక్కోవాలి. పైగా దూరం నుంచి రేవుకు వచ్చేవాళ్లు ఫుల్ చార్జ్ చేసుకుని బయల్దేరతారు. సరిగ్గా 40 కిందకి వచ్చేలా లెక్కేసుకుని రావాలి. ఎక్కువుంటే క్యూలో నిలబడి ఏసీ ఆన్ చేసి తగ్గించుకోవాల్సిన కామెడీ సీన్!

దిగగానే చార్జర్ల దగ్గర క్యూ

టైంటేబుల్ ప్రభావం ఒడ్డున కూడా కనిపిస్తుంది. రోడ్డు మీద ఈవీలు ఒకటొకటిగా వస్తాయి. ఫెర్రీలో గుంపుగా దిగుతాయి. ఉదాహరణకు ఓ బోటులో 60 ఈవీలు వచ్చాయి, ఊళ్లో ఫాస్ట్ చార్జర్లు 4. నలుగురిలో ఒకరికి వెంటనే చార్జింగ్ కావాలన్నా 15 కార్లు. ఒక్కోదానికి అరగంట అంటే చివరి కారుకు నంబర్ వచ్చి పని పూర్తయ్యేసరికి దాదాపు రెండు గంటలు. ఈలోపు ఇంకో బోటు వచ్చేస్తుంది. అందుకే దీవుల్లో చార్జర్లు ఎన్ని పెట్టాలన్నది జనాభాను చూసి తేల్చేది కాదు, బోట్ల టైమింగ్ చూసి తేల్చాల్సింది.

ఇక బోటే ఎలక్ట్రిక్ అయితే లెక్క ఇంకా టైట్. ప్రపంచంలో తొలి పూర్తి ఎలక్ట్రిక్ కార్ ఫెర్రీ ఆంపియర్ 2015లో నార్వేలోని లావిక్–ఒప్పెడాల్ మధ్య మొదలైంది. దూరం 5.7 కిలోమీటర్లు, ప్రయాణం 20 నిమిషాలు, రోజుకు 34 ట్రిప్పులు, ఒకేసారి 120 కార్లు. కార్లు దిగి ఎక్కే ఆ పది నిమిషాల్లోనే బోటు చార్జింగ్ అయిపోవాలి. పల్లెటూరి కరెంటు లైన్ అంత లోడ్ ఒక్కసారిగా తట్టుకోలేదు. అందుకని రెండు ఒడ్డుల్లోనూ పెద్ద బ్యాటరీలు పెట్టారు. బోటు లేనప్పుడు అవి నెమ్మదిగా నిండుతాయి, బోటు రాగానే ఒక్కసారి వదిలేస్తాయి. 2021లో వచ్చిన బాస్టో ఎలక్ట్రిక్ ఇంకా పెద్దది.. 4.3 మెగావాట్ అవర్ల బ్యాటరీ, 200 కార్లు, 600 మంది ప్రయాణికులు. మాస్–హార్టెన్ మధ్య అరగంట ప్రయాణం. ఎక్కే దిగే టైమే చార్జింగ్ టైమ్ కాబట్టి, లోడింగ్‌లో ఐదు నిమిషాలు లేటైతే ట్రిప్పు లేటవుతుంది. అందుకే చిన్న దూరాల ఫెర్రీల్లో ఈవీలకు విడిగా వరుసలు పెట్టడం కష్టం. మరో మంచి సంగతేంటంటే, ఒడ్డు ఇరవై నిమిషాల దూరంలోనే ఉంటుంది. హావిలా షిప్పు పరిస్థితి అది కాదు. రిస్క్ లెక్క రూట్‌ను బట్టి మారేది ఇందుకే.

తలుపులు మూసేస్తున్నవాళ్లూ ఉన్నారు

2025 జూన్ 3న అలాస్కాకు దగ్గర్లో పసిఫిక్‌లో మార్నింగ్ మిడాస్ అనే కార్ల షిప్పు తగలబడింది. చైనా నుంచి మెక్సికో వెళ్తోంది, దాదాపు 3,000 వాహనాలు. వాటిలో ఈవీలు, హైబ్రిడ్లు కలిపి సుమారు 750. 22 మంది సిబ్బందీ క్షేమంగా బయటపడ్డారు. షిప్పు మాత్రం జూన్ 23న మునిగిపోయింది. తర్వాతి నెలలోనే అమెరికాలో హవాయి, అలాస్కా, గువామ్‌లకు సరకు చేర్చే మాట్సన్ కంపెనీ ఈవీలు, ప్లగ్-ఇన్ హైబ్రిడ్ల రవాణా ఆపేసింది.

హవాయికి రోడ్డు లేదు. ప్రధాన భూభాగం నుంచి కార్లు తెచ్చే కంపెనీలు కొన్నే. అందులో ఒకటి ఆపేస్తే ఉద్యోగం మారి వెళ్లే కుటుంబం తమ ఈవీని వేరే కంపెనీ షిప్పులో పంపాలి, లేదా అమ్ముకుని వెళ్లాలి. ప్రాణాల ముందు కారు ఎంత అనొచ్చు. నిజమే. కానీ ఒకవైపు ఈవీలే కొనండి అని ప్రభుత్వాలు చెబుతుంటే, మరోవైపు వాటిని దీవికి చేర్చే దారే సన్నబడుతుంటే కొన్నవాళ్లు ఎటు పోవాలి?

రూల్స్ కూడా కదులుతున్నాయి. అంతర్జాతీయ సముద్ర సంస్థ 2024లో ఆమోదించిన సవరణలు 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కొత్తగా కట్టే రో-రో ప్రయాణికుల షిప్పుల్లో కార్ల డెక్‌పై వీడియో నిఘా, మెరుగైన ఫైర్ డిటెక్షన్, పైడెక్‌పై నీటి ఫిరంగులు తప్పనిసరి. ఈవీల కోసం ప్రత్యేక రూల్స్‌పై అక్కడే ఇంకా పని నడుస్తోంది.

మన దగ్గర సంగతేంటి?

ఇండియాలో పెద్ద కార్ ఫెర్రీ అంటే గుజరాత్‌లో 2020 నవంబర్‌లో మొదలైన ఘోఘా–హజీరా సర్వీసు. రోడ్డు మీద 370 కిలోమీటర్లు తిరిగి వెళ్లాల్సిన దూరం సముద్రం మీద 90 కిలోమీటర్లే. ఒకేసారి 30 లారీలు, 100 కార్లు, 500 మంది పట్టేలా ప్లాన్ చేశారు. అదే ఏడాది మార్చిలో ముంబై–మాండ్వా రో-రో వచ్చింది. కొచ్చిలో వైపిన్–ఫోర్ట్ కొచ్చి మధ్య చిన్న రో-రోలు తిరుగుతున్నాయి. ఇవన్నీ కొద్ది నిమిషాల నుంచి కొన్ని గంటల ప్రయాణాలే, నార్వే తీర మార్గం లాంటివి కావు.

మన పంటుల మీద కార్ల కంటే టూవీలర్లే ఎక్కువ. అందులో ఎలక్ట్రిక్ స్కూటర్లూ కనిపిస్తున్నాయి. పంటుకి కప్పు లేదు, దాటే దూరమూ తక్కువ.. ఆ రెండూ ప్లస్సులే. మైనస్ ఏంటంటే జనం బండి పక్కనే, ఒక్కోసారి బండి మీదే కూర్చుంటారు.

ఈవీతో ఫెర్రీ ఎక్కే పని పడితే కొన్ని విషయాలు గుర్తుంచుకోండి. ఫారిన్ ట్రిప్‌లో అద్దె కారు తీసుకునేవాళ్లకూ ఇవే వర్తిస్తాయి. బుకింగ్‌లో బండి రకం దాచొద్దు, హైబ్రిడ్‌ని పెట్రోల్ అని రాయొద్దు. ఆ రూట్‌లో చార్జింగ్ లిమిట్ ఉందేమో ముందురోజే చూసుకోండి. యాక్సిడెంట్ అయిన, నీళ్లలో మునిగిన, డ్యాష్‌బోర్డులో బ్యాటరీ వార్నింగ్ చూపిస్తున్న ఈవీని ఎక్కించొద్దు, ఎక్కించుకోరు కూడా. సిబ్బంది చెబితే తప్ప షిప్పు ప్లగ్‌కి చార్జర్ తగిలించొద్దు. పార్కింగ్‌లో కారు కింద నుంచి తెల్లటి ఆవిరి, చిటపట శబ్దం, ఘాటు వాసన వస్తే దగ్గరికెళ్లి ఫోన్‌లో వీడియో తీయడం మానేసి వెంటనే సిబ్బందికి చెప్పండి. వాళ్లకు ఆ మొదటి రెండు మూడు నిమిషాలే చాలా కీలకం.